నాలుగు కంపెనీల బస్సు

ఆ ఊళ్లో బస్సు నంబరు చూసేవాడు కొత్తవాడని ఇట్టే తెలిసిపోతుంది. ఊరివాళ్లు రంగు చూసి ఎక్కుతారు. పాతపేటకు ఆకుపచ్చ, ఏటి అవతలికి నీలం, విమానాశ్రయానికి ఎరుపు, ఫ్యాక్టరీలవైపు పసుపు. నాలుగు కంపెనీలు, నాలుగు రంగులు. నాలుగు రోజులుండి పోతానని వచ్చి నెలల తరబడి ఉండిపోయిన అత్తగారు ఆ ఉదయం మంచం కింద పెట్టె బయటికి లాగగానే, డిపోలో బస్సులకు రంగులేసే పెయింటరు ప్రాణం లేచొచ్చింది.

"చిన్నమ్మాయి ఇంటికేగా అత్తయ్యా? ఆకుపచ్చ బస్సెక్కి కూర్చోండి. ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు."

"నీ మాట మీదే వెళ్తున్నా బాబూ."

అతని ధ్యాసంతా వేరేచోట ఉంది. నాలుగు కంపెనీలూ కలిసిపోయాయి. ఇకమీదట బస్సులన్నిటికీ ఒకటే తీరు. అదేదో తేల్చడానికి పెద్దాఫీసరు ఆ పూటే హెడ్డాఫీసు ముందు నమూనా చూస్తానన్నాడు. నచ్చితే రంగుల షెడ్డుకు ఇతనే హెడ్డు. ఆ కుర్చీ కోసం ఏళ్లుగా కాచుకుని ఉన్నాడు. నాలుగు రంగులకు నాలుగు బస్సులు దేనికని ఒక్కదానికే ఎడమపక్క ఆకుపచ్చ, కుడిపక్క నీలం, ముందు ఎరుపు, వెనక పసుపు పూసి, తన తెలివికి తనే మురిసిపోయాడు.

నమూనా చూపించడానికి పెయింటరు కూడా ఎక్కి డ్రైవరు పక్కన కూర్చున్నాడు. బస్సు డిపో దాటింది. మొదటి స్టాపులో సూట్‌కేసులతో నిలబడ్డ దంపతులు ఎదురుగా వస్తున్న ఎరుపు చూసి చెయ్యెత్తారు. ముసలి డ్రైవరు ఆపేశాడు.

"ఎందుకాపావు బాబాయ్? ఇందులో జనాన్ని ఎక్కించకూడదు!"

"చెయ్యి కనబడితే కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుందిరా అబ్బాయ్. ఈ వయసులో దానికేం బుద్ధి చెప్పను?"

ఆగిన బస్సుకు ఎడమపక్క ఆకుపచ్చ కనబడగానే పాతపేట జనం తోసుకుంటూ ఎక్కేశారు. రోడ్డవతల నీలం బస్సు కోసం పడిగాపులు కాస్తున్నవాళ్లు, తమది ఇటువైపు ఆగిందనుకుని పరుగున దాటి వచ్చారు. కదలబోతుంటే వెనకనుంచి ఫ్యాక్టరీ కార్మికులు పసుపు చూసి కేకలేశారు. డ్రైవరు కాలు మళ్లీ బ్రేకు మీదికి పోయింది. దిగండి బాబూ దిగండి అని పెయింటరు మొత్తుకుంటున్నా వినే నాథుడు లేడు.

లోపల తగువు మొదలైంది.

"ఎరుపు బస్సండీ ఇది! అవతల మా విమానం వెళ్లిపోతోంది!"

"ఎరుపేమిటి? నీలం! ఈ కళ్లతో చూశాను."

"ఆ కళ్లు ఎవరికైనా చూపించుకోండి. పసుపు బస్సు వెనకాల ఇంతదూరం పరిగెత్తింది నేను!"

అందరూ ప్రమాణం చేసేలా ఉన్నారు. అంతలో వెనక సీట్లోంచి ఖంగుమని ఒక గొంతు వినిపించింది.

"ఆకుపచ్చదే! బస్సులకి రంగులేసేదే మా అల్లుడు. అదుగో, అక్కడే ఉన్నాడుగా, అడగండి!"

పెయింటరు గిర్రున వెనక్కి తిరిగాడు. "అత్తయ్యా! మీరిందులోకి ఎలా వచ్చారు?"

"ఎవర్నీ అడక్కుండా ఎక్కమన్నది నువ్వేగా?"

బస్సంతా అతనివైపు తిరిగింది. అసలు సంగతి చెప్పక తప్పలేదు. చెప్పాక ఒకడు కాలరు పట్టుకున్నాడు, ఇంకొకడు సూట్‌కేసు ఎత్తాడు. డ్రైవరు భయపడి, జీవితంలో మొదటిసారి ఏ చేతికీ ఆపకుండా బస్సును హెడ్డాఫీసు ముందుకు తెచ్చి పడేశాడు.

మెట్లమీద పెద్దాఫీసరు నిలబడి ఉన్నాడు. తిట్టుకుంటూ, ఒకరినొకరు నెట్టుకుంటూ జనం దిగుతూనే ఉన్నారు. చివర్న గుండీలూడిన చొక్కాతో పెయింటరు దిగాడు. కుర్చీ మాట దేవుడెరుగు, ఉన్న ఉద్యోగం కూడా ఊడిందనుకున్నాడు. ఆఫీసరు గబగబా మెట్లు దిగి వచ్చాడు.

"మన బస్సులన్నీ ఖాళీగా తిరిగి చస్తుంటే, దీంట్లో ఇంతమంది ఎలా ఎక్కారయ్యా?"

"రంగులు చూసండీ," అన్నాడు పెయింటరు నీరసంగా.

"మరింకేం! అన్నిటికీ ఇవే వేసెయ్. షెడ్డుకి హెడ్డువి నువ్వే!"

పెయింటరుకు సంతోషంతో కళ్లు తిరిగాయి. పెట్టె పక్కన పెట్టుకుని అత్తగారు అంతా విన్నది.

"బస్సులన్నీ ఇలాగే ఉంటే, చిన్నమ్మాయి ఇంటికి ఏది ఎక్కాలి బాబూ?"

షెడ్డు హెడ్డు బస్సు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి బుర్ర గోక్కున్నాడు.

"పోనీలే, తొందరేముంది. తీరిగ్గా ఆలోచించి చెప్పు."

ఆ సాయంత్రం పెట్టె మళ్లీ మంచం కిందికి చేరింది.