జారని మంచే మంచిది

మంచు అన్నాక కరగకూడదు. చల్లగా ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, జారకూడదు!

ప్రకృతికి ఈ చిన్న సంగతి ఇంతవరకు తెలియలేదు. తోచినట్టు మంచు తయారు చేసి కొండల మీద పారబోస్తోంది. దాని పొరపాటు దిద్దడానికి చివరికి మా మదనపల్లె పూనుకోవలసి వచ్చింది.

ముహూర్తాలు రాక మూతబడిన ఒక కల్యాణ మండపాన్ని ధనుంజయ అద్దెకు తీసుకుని ఐస్ రింక్‌గా మార్చాడు. ఇదివరకు ఆయనది టెంట్‌హౌస్. పెళ్లిపీటలు వేసే చోట తెల్లటి ప్లాస్టిక్ పలకలు ఒకదానికొకటి తగిలించి పరిచాడు. దీన్ని సింథటిక్ ఐస్ అంటారు. బ్లేడు బూట్లు తొడుక్కుని దీని మీద స్కేటింగ్ చేయాలి. కరెంటు పోయినా కరగదు. పడినా బట్టలు తడవవు. నడి మే నెలలో, నెత్తిన ఫ్యాన్లు తిరుగుతుండగా, చెమటలు కక్కుతూ మంచు మీద విహరించవచ్చు. ఈ భాగ్యం స్విట్జర్లాండులో ఎవరికైనా ఉందా?

ప్రారంభోత్సవానికి కుప్పం నుంచి వచ్చిన ఆయన మేనమామ గంగులప్ప వంగి నేలను తాకి చూశాడు.

“ఇది యాడ ఐసప్పా? సల్లగా లేదే!”

“సల్లగా ఉంటే పిల్లోళ్లకు జలుబు చేస్తాది మామా. అందుకే అది తీసేయించినా.”

“మరి జారేది?”

“దానికి మన దగ్గర మందుండాది.”

ఆ మందు వేరుశనగ నూనె! పలకల మీద పూయడానికి కంపెనీవాళ్లు ఏదో ద్రవం పంపారు. అది ప్రారంభోత్సవానికి ముందే అయిపోయింది. జారాలంటే నూనె కావాలి. నూనె అంటే మా వైపు ఇంకో నూనె ఎవరికి గుర్తొస్తుంది? గానుగ నుంచి డబ్బా తెప్పించి గుడ్డతో పట్టించారు. ఆ రోజు నుంచి మా మంచుకు బజ్జీల వాసన పట్టుకుంది. పిల్లలు బూట్లు కట్టుకోగానే ఆకలి అంటారు. చీమలు కూడా బారులు తీరాయి. అంటార్కిటికాలో చీమలే లేవట. పాపం, అక్కడ నూనె బాగోలేదేమో!

కొన్నాళ్లకు నూనె జిగటెక్కింది. దుమ్ము చేరింది. మంచు పరిపూర్ణమైంది.

ఇక్కడ కొంచెం మనస్తత్వశాస్త్రం మాట్లాడుకోవాలి. నిజమైన మంచుకు మనిషి అంటే గౌరవం లేదు. బ్యాంకు మేనేజరని చూడదు, పది మందిలో ఉన్నాడని చూడదు. కాలు పెట్టగానే మన అదుపులో ఏదీ లేదని చెప్పేస్తుంది. ఆ మాట వినడానికా మనం ఇంత బతుకు బతికింది? మా మంచు అలా కాదు. నిలబెట్టిన చోట నిలబడనిస్తుంది. చేతులు బార్లా చాపితే సెల్ఫీలో ఎగురుతున్నట్టే ఉంటుంది. మనిషికి లోలోపల ఉన్న కోరిక జారడం కాదని నా అనుమానం. జారుతున్నట్టు కనబడుతూ ఉన్నచోటే ఉండటం! ఉద్యోగంలో గాని, ధ్యానంలో గాని మనం సాధిస్తున్నది ఇంకేమిటి?

అయితే అందరూ సెల్ఫీలతో తృప్తిపడరు. పుంగనూరు నుంచి బస్సులో వచ్చే శాలిని అనే హైస్కూలు పిల్లకు ఈ ఆటంటే ప్రాణం. ఉత్తరాదిన ఒక ఊళ్లో, నిజమైన మంచు మీద సెలెక్షన్స్ పెడతారు. అందులో నెగ్గి రాష్ట్ర జట్టులో చేరాలని ఆమె పట్టుదల.

శాలిని ఊపిరి బిగబట్టి కాలితో నేలను తోసేది. బ్లేడు కాస్త దూరం కిర్రుమంటూ పోయి ఆగేది. మళ్లీ తోసేది. పిక్కలు పట్టేసేవి.

“గట్టిగా తొయ్యి పాపా! కాళ్లల్లో సత్తవ లేదా?” అని అరిచేవాడు ధనుంజయ. రింక్ ఓనరూ కోచూ ఆయనే.

“సంగటి తినమంటే నూడుల్స్ అంటాది సార్. సత్తవ యాడ్నించి వస్తాది?” అనేది తల్లి మునిరత్నమ్మ.

ఆ పిల్ల ఎదురు చెప్పేది కాదు. తల వంచుకుని పిక్కలు నొక్కుకునేది. తల్లి ఆముదం పట్టించింది. డాక్టరు కాల్షియం మాత్రలు రాశాడు. తలా ఒక చెయ్యి వేసి ఆ కాళ్లను బాగుచేశారు. నేల సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే మర్యాదగా ఉండదు కదా!

సెలెక్షన్స్ వచ్చాయి. శాలిని బతుకులో మొదటిసారి అసలు మంచు మీద నిలబడింది. విజిల్ మోగింది. మదనపల్లెలో తోసినంత బలంగానే తోసింది.

అంతే, పోయింది. పోతూనే ఉంది! మలుపు దగ్గర మిగతా పిల్లలు ఒంగి తిరిగారు. శాలిని తిరగలేదు, ఆగలేదు. తిన్నగా వెళ్లి అడ్డుగోడను గుద్దుకుంది. మోచెయ్యి గీరుకుంది. జట్టులో చోటు పోయింది.

“ఆగడం నేర్పలేదా మీ కోచ్?” అని అక్కడివాళ్లు మునిరత్నమ్మను అడిగారట. ఎంత అమాయకపు ప్రశ్న! మా మంచు మీద ఆగడం ఇంకొకరు నేర్పాలా? తనే దగ్గరుండి ఆపుతుంది.

తిరిగొచ్చిన తల్లీకూతుళ్లను కూర్చోబెట్టి ధనుంజయ ధైర్యం చెప్పాడు. “ఆ ఐసులో క్వాలిటీ లేదమ్మా. మరీ అంత జారితే పిల్లోళ్లు యాల గుద్దుకోరు? మనం కంప్లైంట్ పెడదాం.” నేనూ ఆ కంప్లైంట్ మీద సంతకం పెడతానన్నాను.

శాలిని ఏడుస్తుందేమోనని అందరం చూస్తున్నాం. ఆ పిల్ల మొహంలో ఏడుపు లేదు.

“ఒక్కసారి తోస్తే అంత దూరం పోయినా సార్,” అంది. “పిక్కలు కూడా పట్టుకోలే. అయితే ఇన్నాళ్లూ తప్పు నా కాళ్లది కాదా సార్?”

ధనుంజయ ఫ్యాను స్పీడు పెంచడానికి లేచాడు. మునిరత్నమ్మ కూతురి కాళ్ల వైపే చూస్తూ ఉండిపోయింది.

అందుకే తల్లిదండ్రులకు నా మనవి. మీ పిల్లల్ని నిజమైన మంచు దగ్గరికి తీసుకెళ్లకండి. ఓడిపోతారని కాదు. ఓటమి వాళ్లకు అలవాటు చేసే ఉంచాం. తమ కాళ్లు మంచివేనని తెలిసిపోతుంది! అది తెలిశాక, ఇక మనం వాళ్లని ఏమని తిట్టాలి?