ముప్పై నాలుగు డిగ్రీల చలి

ఆ ఇంటి కోడలికి ఆ పూట స్టూడియోలో గొంతు పరీక్ష. పిల్లల కథల ధారావాహికలో రాకుమారి పాత్ర. ఆమె గొంతును మెచ్చుకోనివాళ్ళు లేరు గాని, పని ఇస్తామన్నవాళ్ళు మాత్రం వీళ్ళే మొదలు. అందుకే పొద్దున్నే గది తలుపులు మూసుకుని సాధనకు కూర్చుంది. ఆమెకు ఉక్కపోయకూడదని భర్త ఏసీ బాధ్యతను కొత్త స్మార్ట్ స్పీకరుకు అప్పగించాడు.

ఆయన తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరు. మనిషి మాట నమ్మడు, ముల్లు చూపింది నమ్ముతాడు. స్పీకరు లోపలే వేడిని కొలిచే సెన్సరు ఉందని తెలిశాక దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. దుమ్ము పడుతుందని వాళ్ళమ్మ దానికి దళసరి తొడుగు కుట్టి పెట్టింది.

"గదిలో వేడెంత?"

"ముప్పై రెండు" అంది స్పీకరు. ఏసీ మరింత జోరందుకుంది.

"ఏమండీ, చలేస్తోంది."

"ముప్పై రెండుంటే చలేమిటి? అది కంగారు."

మళ్ళీ అడిగాడు. ముప్పై మూడు. ఇంకోసారి అడిగాడు. ముప్పై నాలుగు. అడిగినకొద్దీ అంకె పెరిగింది, అంకె పెరిగినకొద్దీ ఏసీ రెచ్చిపోయింది.

"ఒరేయ్, నా పళ్ళు టకటకలాడుతున్నాయిరా!" గదిలో ఓ మూల దుప్పటి ముసుగులోంచి తల్లి మొరపెట్టుకుంది.

ఇద్దరికీ థర్మామీటరు పెట్టి చూశాడు. జ్వరం లేదు. "చూశారా, ఏమీ లేదు" అని తేల్చేశాడు.

ఇంతలో కోడలు రాకుమారి మాట పలకబోతే తుప్పు పట్టిన గేటు తెరిచినట్టయింది. ఒళ్ళు మండి, స్పీకరు తొడుగు లాగేసి చేత్తో పట్టుకుంది. చెయ్యి చురుక్కుమంది.

"జ్వరం దీనికండీ! గది సంగతి కాదు, తన ఒంటి సంగతి చెబుతోంది!"

ముసుగేసి, ఊపిరాడకుండా కబుర్లు చెప్పిస్తే ఏ యంత్రమైనా వేడెక్కుతుంది. బజారులో తక్కెడలన్నీ తనిఖీ చేసినవాడు ఇంట్లోదాన్ని వదిలేశాడు. భార్య ఎదురుగా వణుకుతుంటే అంకె చూస్తూ కూర్చున్నందుకు ఆయనకు నిజంగానే సిగ్గేసింది.

"నాదే తప్పు. ఇంకో రోజు రమ్మంటారేమో అడగనా?"

"వద్దు. ఉన్న గొంతుతోనే వెళ్తాను" అందామె, కళ్ళు తుడుచుకుంటూ.

స్టూడియోలో ఆమె రెండు మాటలు పలికిందో లేదో, దర్శకుడు లేచి నిలబడ్డాడు.

"రాకుమారి సంగతి వదిలెయ్యండమ్మా. రాక్షసి దొరక్క ఎన్నాళ్ళుగానో అవస్థ పడుతున్నాం. కథంతా దానిదే. వచ్చే నెల నుంచి రికార్డింగు!"

భర్త ఆ సంతోషంలో, చేసిన తప్పు దిద్దుకోవాలని, పూటపూటా వేడినీళ్ళు కాచి, ఆవిరి పట్టించి, కంటికి రెప్పలా చూసుకున్నాడు. వారం తిరక్కుండానే ఆమె గొంతు మళ్ళీ తేనెలూరింది. ఇంట్లో అందరూ సంతోషించారు, ఆమె తప్ప.