స్కేలుగారి వాల్వుల పెట్టె

ఆ ఆదివారం ఉదయం స్కేలుగారి పథకం చాలా చిన్నది: కాఫీ తాగడం, పెట్టెలో గుయ్‌మనే మోత ఆపడం, సాయంత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని భార్య కచేరీకి వెళ్లడం. కాఫీ వరకూ సజావుగానే సాగింది.

ఆయన డ్రాఫ్ట్స్‌మన్. గీత కాస్త వంకరపోతే అన్నం సహించని మనిషి కాబట్టి ఆఫీసులో ఆ పేరు స్థిరపడింది. పెళ్లయ్యాక మూలన పడేసిన గిటార్‌ని భార్య ఇన్నాళ్లకు మళ్లీ చేతపట్టిందని మురిసిపోయి, పాత రేడియోల్లోంచి గాజు వాల్వులూ ట్రాన్స్‌ఫార్మరూ ఏరుకొచ్చి ఆవిడ కోసం స్వయంగా యాంప్లిఫయర్ కట్టాడు. లోపల ప్రతి తీగా స్కేలు పెట్టి గీసినట్టుంటుంది. వాల్వుల్ని వేడెక్కించే రెండు పచ్చ తీగలైతే బొటనవేలంత ఎడంతో రైలు పట్టాల్లా సాగుతాయి. ఇంత చేసినా, స్విచ్ వేస్తే చాలు, కందిరీగల తుట్టె కదిలినట్టు మోత.

"ఇవాళ కూడా ఇది నా పాటను మింగేసిందనుకోండి, గిటార్ అటకెక్కిస్తాను. మళ్లీ దించమని అడక్కండి," అంది భార్య. ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి.

మోత ఎక్కణ్ణుంచి పుడుతోందో పట్టుకుందామని స్కేలుగారు సౌండు పూర్తిగా పెంచాడు. కింది ఇంటి మాస్టారు బిల్డింగు వైరింగే తగలబడుతోందనుకుని కరెంటాఫీసుకు ఫోన్ చేశాడు. ఈయన పెట్టె ఆపి, ప్లగ్గు పీకి, లోపల నిలవున్న కరెంటు ఖాళీ చేసి, పచ్చ తీగల కొసలు ఊడదీసేసరికి ఫ్యాను ఆగిపోయింది. కిందికి పరుగెత్తి చూస్తే, కరెంటాఫీసు నుంచి వచ్చిన లైన్‌మన్ బిల్డింగు మొత్తానికీ ఫ్యూజు పీకేసి ఉన్నాడు.

"ఆ మోత మా ఇంట్లోదేనండీ. నేను కట్టిన పెట్టెది," అన్నాడు లైన్‌మన్‌తో.

"ఇంట్లోనే కట్టారా? అయితే అన్ని ఇళ్లూ చూశాకే ఫ్యూజు పెడతాను సార్."

నిజమాడితే నిష్ఠూరమని ఊరికే అనలేదు. ఈలోగా లిఫ్టులో ఇరుక్కున్న పళ్ల డాక్టరు లోపల్నుంచే అందర్నీ పేరుపేరునా తిట్టసాగాడు. ఆయన్ని బయటికి లాగి, ఇంటింటికీ తిరిగి క్షమాపణలు చెప్పుకుని, స్కేలుగారు చెమటలు కక్కుతూ పైకొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

కూతుర్ని చూడ్డానికొచ్చి, మర్నాడు తిరుగు ప్రయాణం పెట్టుకున్న అత్తగారు బల్ల దగ్గర తృప్తిగా చేతులు దులుపుకుంటున్నారు. ఆవిడ ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరయ్యారు. జడ వేయనిదేదీ ఆవిడ కంట పడకూడదు.

"ఎంత మంచివాడివి బాబూ! ఆ పచ్చ తీగలు పక్కపక్కనే ఉండి ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి, సర్దనా అంటే, కరెంటుండగా ముట్టుకోవద్దన్నావు. నా కోసం బిల్డింగంతా కరెంటు తీయిస్తావా!"

రైలు పట్టాలు రెండూ బిగుతుగా మెలిపడి ఉన్నాయి. స్కేలుగారికి కళ్లు తిరిగాయి. విప్పుదామంటే టైము లేదు, ఆవిడ మొహం చూస్తే మనసూ రాలేదు. కరెంటు లేదు కనుక సోల్డరింగ్ కడ్డీని గ్యాసు పొయ్యి మీద కాల్చి కొసలు అతికించాడు. పరీక్షించే దారి లేక, దేవుడి మీద భారం వేసి పెట్టెను కచేరీ హాలుకు మోసుకెళ్లాడు.

వేదిక మీద భార్య స్విచ్ వేసింది. వాల్వులు ఎర్రబడ్డాయి. చప్పుడు లేదు. కందిరీగ కాదు గదా, దోమ కూడా పలకలేదు.

"అయిపోయింది! చంపేశాను దీన్ని," అని గొణుక్కుంటూ స్కేలుగారు వేదిక వైపు నడిచాడు. రెండో మెట్టు మీద ఉండగా భార్య తీగ మీటింది.

హాలంతా నిండిపోయింది ఆ నాదం. వెచ్చగా, నిండుగా, మచ్చ లేకుండా. చచ్చింది పెట్టె కాదు, మోత! ఎడంగా పరిచిన ఆ తీగలే ఇన్నాళ్లూ మోత పుట్టించాయి. మెలిపడ్డాక ఒకదాని గోల ఒకటి అణిచేశాయి. మెట్టు మీదే కూలబడి, ఆవిడ చివరి పాట దాకా కళ్లు తుడుచుకుంటూ విన్నాడాయన.

"ఏం చేశారండీ?" అంది భార్య, చప్పట్లింకా ఆగకముందే పరుగున దిగొచ్చి.

"నేను చేసిందల్లా పాడుచెయ్యడమే. బాగుచేసింది మీ అమ్మగారు."

వెంటనే వెళ్లి, ముందు వరసలో కూర్చున్న అత్తగారి కాళ్లకు దండం పెట్టాడు. "మీ మేలు ఈ జన్మకి మర్చిపోను అత్తయ్యగారూ. రేపటి ప్రయాణం మానుకుని ఇంకో నెల ఉండండి."

అత్తగారు అల్లుడి నుదుటి మీద చెయ్యి పెట్టి, జ్వరం లేదని తేల్చుకున్నాకే ఒప్పుకున్నారు.