బెంచీ మధ్య చోటు

ఆ రోజు పొద్దున్న వదినగారి కార్యక్రమం రోజూ ఉండేదే. పార్కుకు వెళ్ళాలి, ఒక చుట్టు నడిచానని అనిపించుకోవాలి, ఆ తర్వాత చెట్టు కింద పొడుగు బెంచీ మధ్యలో కూర్చుని నిన్న సగంలో ఆపిన కబురు పూర్తిచేయాలి. ఇంట్లో ఆవిడ పెద్దకోడలు. పార్కులో మాత్రం అందరికీ వదినగారే. ఆ ఆడవాళ్ళ నడక బృందాన్ని ఇల్లిల్లూ తిరిగి పోగుచేసింది ఆవిడే. బెంచీ మధ్య చోటు ఆవిడదని ఎవరూ రాసివ్వలేదు గానీ, ఇంకొకరు అందులో కూర్చున్న పాపాన పోలేదు.

ఆ రోజు బెంచీ ఖాళీగా ఉంది. మధ్య చోటే కాదు, రెండు చివరలూ ఖాళీయే. బృందమంతా అవతలి దారిలో రొప్పుతూ పరిగెడుతోంది. అందరికన్నా ముందు వదినగారి తోడికోడలు! కాపురానికొచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. "నేనూ వస్తానక్కా" అంటే జాలిపడి, వారం కిందట వదినగారే స్వయంగా వెంటబెట్టుకొచ్చింది.

"రండి వదినగారూ! మీ చెల్లెలు మమ్మల్ని భలే పరిగెత్తిస్తోంది!" అని కేకేసింది టైలరమ్మ.

నిన్నటిదాకా మోకాళ్ళు పట్టేశాయంటూ లేవడానికి ఇద్దరి సాయం అడిగిన మనిషి! ఆవిడ లేచి పరిగెడుతున్నందుకు వదినగారు సంతోషించాలి. సంతోషించలేదు. ఒళ్ళు మండిపోయింది. అత్తగారు చిన్నకోడలి చేతి కాఫీయే బాగుందంటే ఓర్చుకుంది. తన మొగుడే "అవునమ్మా, బాగుంది" అంటే పళ్ళు నూరుతూ ఓర్చుకుంది. కానీ కూడగట్టుకున్న మనుషుల్నే ఎగరేసుకుపోతే ఎలా ఓర్చుకుంటుంది?

సరిగ్గా అప్పుడే మంచినీళ్ళ కోసం ఆగింది పెద్ద టీచరు. రిటైరై చాలాకాలమైనా ఆవిడ మాటంటే పార్కులో అందరికీ హడలే. వదినగారు ఆవిడ చెవి దగ్గరికి జరిగింది.

"మీతో కాబట్టి చెబుతున్నా. మా చిన్నదానికి గుండె కాస్త బలహీనం. పరిగెత్తొద్దని డాక్టరు చెప్పాడు. వింటేగా? మీరంతా మెచ్చుకుంటుంటే ఇంకా రెచ్చిపోతోంది. నేను చెప్పానని మాత్రం అనకండేం!"

ఆవిడ ఆశ చిన్నదే. అందరూ పరుగు మానేసి మళ్ళీ బెంచీ ఎక్కాలి, అంతే. కానీ తన మనుషులు ఎంత మంచివాళ్ళో లెక్కలోకి తీసుకోలేదు.

మర్నాడు టైలరమ్మ గ్లూకోజు నీళ్ళ సీసాతో వచ్చింది. ఇద్దరు చెరో చెయ్యీ పట్టుకుని చిన్నకోడల్ని నడిపించారు. "నాకేమైందండీ?" అని ఆ అమ్మాయి అడిగితే, "ఏం కాలేదమ్మా, మేమున్నాం కదా" అంటూ కళ్ళొత్తుకున్నారు. ఆ మర్నాడు ఆమెను తీసుకెళ్ళి బెంచీ మధ్యలో కూర్చోబెట్టి, వీపు వెనక దిండు పెట్టారు. దిండు! ఇన్నేళ్ళుగా కూర్చుంటున్నా వదినగారికి ఎవరూ చాప ముక్కయినా పరవలేదు. ఆవిడ ఓ చివర సర్దుకుని, ఆ దిండునే చూస్తూ కుతకుతలాడిపోయింది.

"గుండె డాక్టరు నా శిష్యుడే. సాయంత్రం తీసుకురమ్మన్నాడు" అంది పెద్ద టీచరు. "వదినగారూ, మీరు దగ్గరుండి చూపించాలి. సంగతి తెలిసింది మీకేగా!"

"ఇవాళ ఇంట్లో బోలెడు పనుందండీ..."

"పిల్ల ప్రాణం కన్నా పని ఎక్కువా?"

సాయంత్రం చిన్నకోడల్ని వెంటబెట్టుకుని వదినగారు బయల్దేరక తప్పలేదు.

డాక్టరు గది మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పాడైంది. చిన్నకోడలు చకచకా పైకెక్కి, అక్క రావడం లేదని మళ్ళీ దిగొచ్చి చెయ్యందించింది. గోడ పట్టుకుని, చెమటలు కక్కుతూ, నోరు తెరుచుకుని లోపలికొచ్చిన వదినగారిని చూడగానే డాక్టరు కుర్చీలోంచి లేచి ఎదురొచ్చాడు. "పేషెంటు నేను కాదు" అందామంటే ఆవిడకు ఊపిరాడలేదు. చిన్నకోడలు ఏదో చెప్పబోయి, అక్క మొహం చూసి ఆగింది. నెమ్మదిగా కుర్చీ జరిపి కూర్చోబెట్టింది.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు నవ్వాడు. "గుండెకేం ఢోకా లేదు. ఒంటికే బద్ధకం పట్టింది. రేపట్నుంచి గట్టిగా నడవండి, మెల్లమెల్లగా పరుగులోకి దిగండి. ఒక్కరే మొదలెడితే నాలుగు రోజులకు మానేస్తారు. తోడెవరైనా ఉన్నారా?"

"కావలసినంతమంది ఉన్నారండీ. అంతా అక్క పోగుచేసినవాళ్ళే" అంది చిన్నకోడలు.

కింద బృందమంతా కాచుకుని ఉంది. "ఏమన్నాడమ్మా?"

"నన్నసలు చూడనేలేదండీ. అక్కనే పరిగెత్తమన్నాడు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత టైలరమ్మ వదినగారిని వాటేసుకుంది. "అయ్యో వదినగారూ! జబ్బు మీరు పెట్టుకుని, చెప్పుకోలేక చిన్నదాని మీద పెట్టి చెప్పారా? మేమంత పరాయివాళ్ళమైపోయామా?"

వదినగారి ముందు రెండే దారులున్నాయి. జబ్బుందని ఒప్పుకోవాలి, లేదా కుళ్ళుకున్నానని ఒప్పుకోవాలి. జబ్బే నయమనిపించింది. "మిమ్మల్నందర్నీ కంగారుపెట్టడం ఎందుకని..." అంటూ తల దించుకుంది.

తోడికోడళ్ళిద్దరూ ఇంటిదారి పట్టారు.

"నాకు జబ్బుందని ఎవరు చెప్పారో నేనడగన్లే అక్కా" అంది చిన్నకోడలు. "అసలు నేను పార్కుకొచ్చిందే నీ కబుర్ల కోసం. ఇంట్లో నాతో రెండు ముక్కలకన్నా ఎక్కువ మాట్లాడవు కదా! అక్కడైనా విందామంటే నన్ను బెంచీ చివర కూర్చోబెట్టావు. ఒక్క ముక్క వినబడితే ఒట్టు. ఏం చెయ్యను? లేచి పరిగెత్తాను."

వదినగారికి సిగ్గేసింది. అడుగు ఆపి, చిన్నకోడలి చెయ్యి పట్టుకుంది.

"పొద్దున్నే లేపుతాను" అంది చిన్నకోడలు.

ఇప్పుడు రోజూ తెల్లారేసరికి ముందు పెద్ద టీచరు, వెనక గ్లూకోజు సీసాతో టైలరమ్మ, పక్కనే అక్క చెయ్యి వదలకుండా తోడికోడలు. వదినగారు రొప్పుతూ, ఆగుతూ, నిన్నటి కబురు అందుకుంటుంది. మధ్య చోటు ఇప్పటికీ ఆవిడదే. కాకపోతే ఇప్పుడది పరిగెడుతోంది.