బహ్‌గత్ బే గారి ఆదర్శ ఉద్యోగులు

సిఫార్సుల నిర్మూలన సంఘానికి అధ్యక్షులైన సాయంత్రమే బహ్‌గత్ బే గారు నైలు ఒడ్డున ఉన్న మా పట్టణపు పత్రికలవాళ్లందరినీ ఇంటికి పిలిచి, హాల్లోని చేపల తొట్టె పక్కన నిలబడి చారిత్రక ప్రకటన చేశారు.

"ఈ బుల్లి జెల్లల్ని చూడండి. పొద్దస్తమానం పాచి తింటాయి. జీతం అడగవు, సెలవు అడగవు, బావమరిదికి ఉద్యోగం అడగవు. ప్రభుత్వోద్యోగి అంటే ఇదీ!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఎదురు ఫ్లాట్‌లో ఉండేవాణ్ని కాబట్టి నేనూ కొట్టాను. పైగా ఆ చేపలు నేనిచ్చినవే. వేలెడంత కూడా ఉండవు. నోటితో అద్దానికి అతుక్కుని పాచి గీక్కుంటూ పోతాయి. నేను పళ్ల డాక్టర్ని. వృత్తిరీత్యా వాటిమీద నాకు గౌరవం.

ఆనాటి నుంచి బే గారింటికి సందర్శకులు బారులు తీరారు. వాళ్లకోసం డ్రైవర్ వగ్ది రోజూ పొద్దున్నే బ్రష్షు పెట్టి తొట్టెను తోమేవాడు. అద్దం ఎంత మెరిసేదంటే, బే గారు అందులో చూసుకుని మీసం దువ్వుకునేవారు.

కొన్నాళ్లకి ఆయన భార్య ఇన్షిరాహ్ హానిమ్ మా తలుపు తట్టారు. మా దగ్గర బే అంటే దొరగారు, హానిమ్ అంటే దొరసాని.

"డాక్టరు గారూ, చేపల పొట్టలు లోపలికి పోయాయండీ. నిన్న ఒకటి చచ్చిపోయింది. ఈయనేమో పస్తుంటే క్రమశిక్షణ వస్తుందంటున్నారు."

వెళ్లి చూశాను.

"బే గారూ, తొట్టె మరీ శుభ్రంగా ఉంది. పాచి లేకపోతే పాపం అవేం తింటాయి?"

"అంటే? నా ఇంట్లో మురికి ఉండాలంటావా?"

"ఒక్క అద్దం తోమకుండా వదిలెయ్యండి. ఈలోగా కాస్త కూసా ఉడకబెట్టి వెయ్యండి."

వగ్ది గబుక్కున గోడవైపు తిరిగి దగ్గడం మొదలుపెట్టాడు. కూసా అంటే మా దగ్గర దోసకాయలా ఉండే ఓ కూరగాయ. సిఫార్సుతో ఉద్యోగం కొట్టేసినవాణ్ని చూసినా మేం "కూసా" అనే అంటాం.

"కూసానా! ఎవరింట్లో? నా ఇంట్లోనా! రేపు పత్రికల్లో ఏం వేస్తారయ్యా?"

"చేపలు పత్రికలు చదవవు కదండీ" అన్నారు హానిమ్.

"చదివేవాళ్లు ఊరంతా ఉన్నారు!"

"పోనీ, దోసకాయ వెయ్యండి" అన్నాను.

బే గారు ఆలోచించారు. దోసకాయకి కూడా ఏదైనా రెండో అర్థం ఉందేమో తేల్చడానికి ఉపసంఘం వేశారు. ఇంతటి నిజాయితీ నేనెక్కడా చూడలేదు. ఉపసంఘం రెండోసారి సమావేశమయ్యేలోగా ఇంకో చేప పోయింది.

మంత్రిగారు తొట్టెను చూడ్డానికి వస్తున్న ఉదయం హానిమ్ వంటగిన్నె మీద తువ్వాలు కప్పుకుని మా ఇంటికొచ్చారు. గిన్నెలో మిగిలిన చేపలున్నాయి.

"ఆయన్ని అడగలేదు. ఇక అడగను కూడా" అన్నారు.

మా తొట్టె నీళ్లు కొంచెం కొంచెంగా గిన్నెలో కలిపి, అలవాటు పడ్డాక వాటిని తొట్టెలో వదిలాను. మా అద్దాలు పచ్చగా ఉన్నాయి. చేపలు కాసేపు అడుగున పడున్నాయి. తర్వాత ఒకటి మెల్లగా లేచి అద్దాన్ని పట్టుకుంది.

"తింటోంది! డాక్టరు గారూ, తింటోందండీ!" అంటూ హానిమ్ తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నారు.

ఇంతలో మంత్రిగారు కెమెరాలతో బే గారింట్లో దిగారు. మేమూ పరుగెత్తాం. ఆయన తొట్టెకు ముక్కు ఆనించి, ఆ మూల నుంచి ఈ మూలదాకా వెతికారు.

"ఏవీ?"

బే గారి మొహం పాలిపోయింది. భార్యవైపు చూశారు. ఆవిడ తీరిగ్గా కాఫీ కప్పులు సర్దుతున్నారు. మహానుభావుడు క్షణంలో తేరుకున్నారు.

"అయ్యా, తొట్టెలో పాచి అయిపోయిందండి. పని లేని చోట కొలువులో ఉండటం తప్పని వాటంతటవే తప్పుకున్నాయి."

"పెన్షన్?"

"అడగలేదండి."

మంత్రిగారు బే గారిని కావలించుకున్నారు. కెమెరాలు చాలాసేపు ఉత్త నీళ్లనే చూపించాయి.

ఆ వారంలోనే జిల్లాలోని ప్రతి ఆఫీసులోనూ చేపల్లేని తొట్టె పెట్టాలని ఉత్తర్వులొచ్చాయి. చేపల సంరక్షణాధికారి పోస్టులు కూడా భర్తీ అయ్యాయి.

మొన్న నా క్లినిక్‌కి కుళాయి కనెక్షన్ కావాలని నీళ్ల ఆఫీసుకు వెళ్లాను. సంతకం పెట్టాల్సిన ఆయన కుర్చీలో లేరు. చొక్కా చేతులు మడిచి, మూలనున్న తొట్టెలో చిటికెడు చిటికెడు మేత చల్లుతున్నారు. ఇద్దరు అసిస్టెంట్లు ఊపిరి బిగబట్టి నీళ్లలోకి చూస్తున్నారు.

"ఎంతసేపు పడుతుందండీ?" అని గుమాస్తాను అడిగాను.

"కూర్చోండి సార్" అన్నాడు గొంతు తగ్గించి. "అవి తినేదాకా ఆయన కదలరు."