ఆరు కుండీల సమరము

ఋతుచక్రమునకు తలయొగ్గి సకల తరులతాగుల్మములు పుష్పించు ఈ భూమండలమున, పునరుత్థాన పండుగకు ముందటి శనివారము, మధ్యాహ్నము మూడు గంటల పది నిమిషములకు, రంగుటద్దముల కిటికీలు గల ఒకానొక చర్చిలో, ఆరు లిల్లీ కుండీల ఎదుట నడుమున చేతులుంచుకొని ఒక వీరవనిత నిలిచియుండెను. ఆమె వృత్తిచేత దర్జీ. సూచీఖడ్గధారిణి, చిరిగిన వస్త్రములకు ప్రాణదాత్రి, కొలతటేపును రత్నహారమువలె మెడను దాల్చినది.

ఆ మందిరమున ఇరువదిరెండేండ్లుగా పుష్పసామ్రాజ్యమేలినది ఆమె వదినగారు, లెక్కల టీచరు. క్రిస్మసుకు ముందు పచ్చని కొమ్మల చక్రము, ఈస్టరుకు ముందటి నలువది శ్రమదినములందు ఎండుకొమ్మలు, మట్టల ఆదివారమున మట్టలు, పండుగనాడు తెల్లని లిల్లీలు: ఏ కాలమునకు ఏ మొక్కయో ఆమెకు కంఠస్థము. ఈ యేడు మోకాటి ఆపరేషను ఆ మహారాణిని మంచమునకు బంధింపగా, మందిరపు తాళపుచెవి మరదలి చేతికి వచ్చెను. రేపటి సూర్యోదయారాధనకు వదినగారు వాకరు పట్టుకొని తొలిసారి బయట అడుగుపెట్టనున్నారు.

కాని హా! ఇరువది మొగ్గలలో ఒక్కటియు విచ్చలేదు. పిడికిళ్ళు బిగించిన శత్రుసేనవలె నిలిచియుండెను.

అటుగా వచ్చిన పాస్టరుగారు జాలిపడి, "ఎందుకమ్మా అంత కంగారు? బీరువాలో ప్లాస్టిక్ పువ్వులున్నాయి, పెట్టేయండి. దూరం నుంచి ఎవరికి తెలుస్తుంది?" అనిరి.

"మా వదినకి తెలుస్తుంది అయ్యగారూ."

ఆ మాట వినినంతనే ఆయన తన ప్రసంగము సరిచూచుకొనుటకు వెడలిపోయిరి.

అంతలో ఫోను భేరీనాదము గావించెను. వదినగారు!

"పువ్వులు విచ్చుకున్నాయా?"

"విచ్చుకుంటున్నాయి వదినా."

"ఎన్ని?"

లెక్కల టీచరుతో అబద్ధమాడుట సామాన్యుల తరమా? "లెక్కపెట్టి చెప్తా," అని ఫోను పెట్టేసి, ఆ ధీర నుదుటి చెమట తుడుచుకొనెను. అప్పుడే ఆమెకు మెరుపువలె ఒక ఊహ తట్టెను. తన దుకాణములో ఇస్త్రీబల్ల పక్కనున్న మొక్కయే అన్నిటికన్న ఏపుగా పెరుగును గదా! ఆవిరి! వెచ్చదనము! గాయకబృందపు అంగీలు ముప్పదిరెండు ఇస్త్రీకి ఎటులైనను ఎదురుచూచుచున్నవి.

తక్షణమే కుండీలను ఒక్కొక్కటిగా ఆ అంగీలు, ఇస్త్రీపెట్టె ఉన్న వెనుక చిన్నగదికి చేర్చి, గోరువెచ్చని నీరు పోసి, కిటికీలు మూసి, ఇస్త్రీపెట్టెను వజ్రాయుధమువలె ఎత్తి, శత్రుసేనను ఉద్దేశించి ఇట్లు గర్జించెను:

"చూడండే తల్లుల్లారా! నలభై రోజులు ఎండుకొమ్మలు చూసి జనాలకి మొహం మొత్తిపోయింది. రేపు మా వదిన అంత నొప్పితో వస్తోంది. మీరిట్లా మూతి ముడుచుకుని కూర్చుంటే నా పరువేం కావాలి?"

మొగ్గలు ఉలుకలేదు, పలుకలేదు. సమరము ఆరంభమయ్యెను. బుస్సుబుస్సుమని ఆవిరి మేఘములు లేచెను. ముడుతలు హాహాకారములు చేయుచు నేలగూలెను. పది అంగీలకు ఆమె రవికె తడిసెను, ఇరువదింటికి కొప్పు జారెను, ముప్పదిరెండవ కాలరు లొంగునప్పటికి కిటికీలో వెలుగు పలచబడెను. మొగ్గల కొనలు తెల్లబడినట్టు తోచెనే కాని, ఒక్కటియు నోరు తెరువలేదు. ఆమె తలుపు వేసి, ద్వారబంధమునకు ఆనుకొని ఒక్క క్షణము కన్నీరు పెట్టుకొని, ఇంటికి పోయెను.

మరునాటి ఉషఃకాలమున తలుపు తీయగా, మూడవ కుండీలో... ఆమె వంగి మరల చూచెను. పరుగుపరుగున కుండీలన్నియు పీఠము చుట్టును అమర్చునప్పటికి వాకరు టకటకలు వినవచ్చెను. వదినగారు మొదటి బెంచీలో కూలబడి, కళ్ళద్దములు సవరించుకొని పరికించిరి.

"ఒక్కటేనా?"

"ఒక్కటే వదినా."

 వదినగారు మరదలి చేయి పట్టుకొని, గొంతు తగ్గించి, "నా మొదటి ఏడు ఆ ఒక్కటి కూడా విచ్చుకోలేదే. ఎవరికీ చెప్పకు. ఆ కుండీ కాస్త ఇటు తిప్పు, అందరికీ కనబడాలి," అనిరి.

మరదలు కుండీని రెండంగుళములు తిప్పెను. తూర్పు కిటికీలో సూర్యుడు పొడచూపెను. ముప్పదిరెండు గొంతులు ఒక్కసారి పాటనెత్తుకొనెను. జనులారా, చెవియొగ్గి వినుడు! ఆ దినమున ఆ మందిరమున ఒకే ఒక్క లిల్లీపువ్వు, ఐదు రేకులు సంపూర్ణముగా విచ్చి, ఆరవది ఇంకను బద్ధకించుచుండగా, దిగ్విజయముగా వికసించెను!