నాన్న ముందు చూడాలి

ఆదివారం పొద్దున్న సోమేశ్వరరావు పెట్టుకున్న పని ఒక్కటే. పదహారేళ్ళ కొడుకు జశ్వంత్ చూస్తానని అడిగిన సినిమాని ముందు తను చూడటం. అందులో ఓ కుర్రాడు తనకి అబ్బాయిలంటేనే ఇష్టమని ఇంట్లో చెబుతాడట.

ఇది వాళ్ళింటి ఆనవాయితీ. తణుకులో సోమేశ్వరరావు నాన్నగారు ఏ సినిమాకైనా ముందు తనొక్కరే మ్యాట్నీకి వెళ్ళొచ్చేవారు. పిల్లలందరూ అరుగు మీద కూర్చుని ఆయన మొహం కోసం ఎదురుచూసేవారు. "పర్లేదు" అన్నారంటే ఆ సాయంత్రం ఇంట్లో పండగే. ఆ రోజులు తలుచుకుంటే గోపన్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో కూడా సోమేశ్వరరావుకి సినిమా హాలు బయట అమ్మే వేయించిన వేరుశనక్కాయల వాసన వస్తుంది.

తలుపు దగ్గరగా వేసి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఎక్కడ అభ్యంతరం చెప్పాలా అని వెతకబోయినవాడు కాస్తా, ఆ కుర్రాడు తండ్రి ముందు నోరు పెగలక నిలబడ్డ చోట వెక్కి వెక్కి ఏడ్చాడు. సరిగ్గా అప్పుడే భార్య కనకలక్ష్మి కాఫీ పట్టుకొచ్చింది. తెర మీద ఇద్దరబ్బాయిలు చేతులు పట్టుకుని ఉన్నారు. సోమేశ్వరరావు కంగారుగా ల్యాప్‌టాప్ మూసేశాడు. అదే కొంప ముంచింది.

"ఏంటండీ అది?"

"ఏం లేదు, నువ్వెళ్ళు."

"మరి ఏడుస్తున్నారెందుకు?"

"ఆ అబ్బాయి బాధ నాకర్థమైంది లక్ష్మీ."

కనకలక్ష్మి కాఫీ అక్కడే పెట్టేసింది. వంటింట్లోకి పోయి, శేరిలింగంపల్లిలో ఉంటున్న తమ్ముడు పార్థసారథికి ఫోన్ చేసింది. "పెళ్ళయి ఇరవై ఏళ్ళయ్యాక బయటపడిందిరా!" అంది. అతను ఉన్నపళంగా బైక్ మీద వచ్చి బావగారి భుజం మీద చెయ్యేశాడు.

"సిగ్గుపడకండి బావగారూ. మా ఆఫీసులో కూడా ఉన్నారు. అక్కకి నేను నచ్చజెబుతాగా."

"ఏమని?"

"మీకు మగవాళ్ళంటే ఇష్టమని."

"నాకా! నేను చూస్తున్నది జశ్వంత్ కోసమయ్యా!"

అందరూ గుమ్మం వైపు తిరిగారు. జశ్వంత్ అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఆ సినిమా నేనెప్పుడో చూసేశా నాన్నా." అన్నాడు వాడు. "అడిగితే ముందు నువ్వు చూస్తావని అడిగా. నా అంతట నేను చెప్పలేకపోయా."

సోమేశ్వరరావుకి ముందు భయం వేసింది. ఆ తర్వాత, ఇన్నాళ్ళూ ఈ బరువు వీడొక్కడే మోశాడని గుండె తరుక్కుపోయింది. ఒకప్పుడు అరుగు మీద తను చూసినట్టే వీడూ తండ్రి మొహంకేసే చూస్తున్నాడు. లేచి వెళ్ళి కొడుకుని గట్టిగా కావలించుకున్నాడు.

"పిచ్చి నాన్నా, దీనికి నన్ను పర్మిషన్ అడగాలట్రా?"

"నాకు చెప్పుంటే సినిమా లేకుండానే వినేదాన్ని కదరా," అంటూ కనకలక్ష్మి కళ్ళొత్తుకుంది.

పార్థసారథి మాత్రం ఆ సినిమా మొదటి నుంచి పెట్టించుకుని చూశాడు. ఏసీలోంచి దుమ్ము పడుతోందంటూ మాటిమాటికీ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ గదిలో ఏసీ లేదు.